కేకు కాకముందే వెళ్లిన కబురు

"అమ్మ పుట్టినరోజు కేకు సిద్ధమైందని మెసేజ్ వచ్చింది. ఏదండీ?"

కౌంటర్ ముందు వానలో తడిసి ముద్దయిన కుర్రాడు. వెనకాల ఇంకా పిండి కలుపుతున్న పిన్ని. మధ్యలో ల్యాప్‌టాప్ ముందు ఆవిడ అక్క కూతురైన అమ్మాయి.

పొద్దుట్నుంచీ ఇదే వరస. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సొంతంగా నేర్చుకుంటూ, షాపు ఆర్డర్ల కోసం అమ్మాయి ముచ్చటపడి చేసిన వెబ్‌పేజీ అది. కేకు తయారయ్యాక పిన్ని 'అయింది' బటన్ నొక్కితే కబురు వెళ్లాలి. అదేమో ఆర్డర్ పెట్టగానే పంపేస్తోంది!

"సాయంత్రానికి బాగుపడకపోతే ఆ పేజీ మూసెయ్యవే. ఫోన్‌లో ఆర్డర్లే నయం," అంది పిన్ని.

అమ్మాయి మొహం చిన్నబోయింది.

"కోడ్ చూడొచ్చా? నేను చేసే పనీ అదే," అన్నాడతను.

"వద్దు. వెక్కిరిస్తారు."

"కేకు ఎలాగూ లేదు. వెక్కిరించే చాన్సైనా ఇవ్వండి."

నవ్వు ఆపుకుంటూ ల్యాప్‌టాప్ అతనివైపు తిప్పింది.

"నొక్కినప్పుడు పిలవమని బటన్‌కి ఒక ఫంక్షన్, అంటే కబురు పంపే పని, అప్పగించారు. అదే కాల్‌బ్యాక్. కానీ ఫంక్షన్ పేరు పక్కన ఈ బ్రాకెట్లెందుకు?"

"ఫంక్షన్ అన్నాక బ్రాకెట్లుండవా?"

"బ్రాకెట్లు పెడితే 'ఇప్పుడే నడిపెయ్' అని. నా నంబరు పిన్నిగారికిచ్చి 'అయ్యాక ఫోన్ చెయ్యండి' అనడం వేరు. మీరే ఇప్పుడు నాకు ఫోన్ చేసెయ్యడం వేరు."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అంటే... నేను పేరిచ్చి ఊరుకోవాలి. పిలిచేది బటన్!"

"అంతే!" అంటూ కీబోర్డ్ మీదికి చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యండి. నా పేజీ, నేనే దిద్దుకుంటా."

బ్రాకెట్లు చెరిపేసి, అతని ఆర్డర్ మళ్లీ పెట్టింది. కబురు వెళ్లలేదు. కేకు ఓవెన్‌లోకి వెళ్లింది, ఉబ్బింది, క్రీము పూసుకుంది. అప్పుడు పిన్ని బటన్ నొక్కింది. అతని జేబులో ఫోన్ మోగింది!

అమ్మాయి గాల్లోకి ఎగిరి గంతేసింది.

"మూసెయ్యమన్నదెవరే? నేనా?" అంది పిన్ని, ఏమీ ఎరగనట్టు.

ఆ తర్వాత వీధిలో మిగతా షాపులవాళ్లూ పేజీలు చేసిపెట్టమని ఆమె వెంటపడ్డారు. అతని ఇంట్లో పుట్టినరోజులూ ఎక్కువైపోయాయి. నాన్నది, బామ్మది, ఆఖరికి పిల్లిది కూడా.

"ఇంకెవరు మిగిలారు బాబూ?" అని అడిగేసింది పిన్ని.

"ఎవరూ లేరాంటీ. నేనొచ్చేది కేకుల కోసం కాదు, మీ అమ్మాయి కోసం."

"ఆ మాట చెప్పాల్సింది పిన్నికా?" లోపల్నుంచి అమ్మాయి గొంతు వినబడింది.

అతను లోపలివైపు తిరిగాడు. "మీరంటే నాకిష్టం."

ఆమె బయటికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. "ఆ 'మీరు' తీసేసి చెప్పు."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"నాక్కూడా."

పిన్ని పిండి చేతులతోనే ఇద్దరి తలలూ నిమిరింది. తెల్లబడ్డ జుట్లు చూసుకుని ముగ్గురూ పగలబడి నవ్వారు.