ఖుబానీతో మూడో సీసా

ఇశ్రాయేలు శవం హైదరాబాద్ పత్తర్‌గట్టి వెనక సందులో బోర్లా పడి ఉంది. ఒంటి మీద గాయం లేదు. పెదవులు నల్లబడ్డాయి. బిగిసిన పిడికిలిలో మాత్రం ఒక బిరడా దొరికింది.

అది 1943. సీక్రెట్ సర్వీస్ ఏజెంట్ కొండల్ ఆ బిరడాను అత్తరు దుకాణం వెనకగదిలో దీపం కింద తిప్పి చూశాడు. నడిమధ్యన సూదిమొనంత రంధ్రం. తనకు ఈ పని నేర్పిన మనిషి చావబోతూ దీన్నెందుకు పట్టుకున్నాడో అంతుపట్టలేదు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడ్వనీకి టైం లేదు," అన్నాడు చీఫ్ గుండయ్య. "రేపు పగటిపూట ఒక నవాబు దేవిడిల దావత్, పెద్ద విందు. ఇస్తున్నోడు వాల్దెస్, స్పెయిన్ వైన్ వ్యాపారి. అసలు పని జర్మన్లకు గూఢచర్యం. రైల్వే ఇంజనీర్ బాబురావును పిలిచిండు. బ్రిడ్జి నక్షాలు వాళ్లకు అమ్మిందెవరో బాబురావుకు ఒక్కనికే ఎరుక. రేపు సాయంత్రం నాలుగింటికి మన ముందర చెప్తడు. ఆలోపే ఆయన్ను చంపాలని వాల్దెస్ చూస్తున్నడు."

"దావత్‌కు పోవద్దని చెప్పరాదా సార్?"

"పోకపోతే వాల్దెస్‌కు అనుమానమొస్తది, ఊరు దాటుతడు. చంపబోతుంటేనే పట్టుకోవాలె. నువ్వు బేరర్‌వి. లోపల రుక్మాబాయి మన మనిషే. 'లుఖ్మీలు వేడిగున్నయి' అంటే అపాయం లేదని కోడ్."

"నమ్మొచ్చా ఆమెను?"

"వాల్దెస్ గూడ ఆమె తన మనిషనే అనుకుంటున్నడు," అని గుండయ్య దీపం ఆర్పేశాడు.

మర్నాడు కొండల్ తెల్ల షేర్వానీలో, పెట్టుడు మీసంతో దేవిడిలో వడ్డిస్తున్నాడు. ట్రే అడుగున స్ప్రింగ్ పిస్టల్ ఉంది. వాల్దెస్ మొదటి సీసా తెరిస్తే బిరడా ఢామ్మని పైకప్పుకు తగిలింది. గ్లాసులో నురగ పొంగింది.

"మా స్పానిష్ షాంపేన్‌కు ఉప్పు, నూనె కావాలి బాబురావు గారూ! ఈ ఖీమా కూరి వేయించిన లుఖ్మీలు, కొర్రమీను వేపుడు, ఉప్పు బాదం దీనికి సరైన జోడీ. తీపిని మాత్రం దగ్గరికి రానివ్వకండి. నోరంతా చేదవుతుంది."

రెండో సీసా కూడా ఢామ్మంది. ఆకుపచ్చ పట్టుచీర, చెవులకు వజ్రాలు, రుక్మాబాయి నవ్వుతూ పక్కనుంచి వెళ్లింది. "లుఖ్మీలు వేడిగున్నయి."

కొండల్ ఊపిరి పీల్చుకున్నాడు.

మూడున్నరకు ఎండు ఆప్రికాట్ల తీపి, ఖుబానీ కా మీఠా వచ్చింది. వాల్దెస్ స్వయంగా లోపలికి వెళ్లి మూడో సీసా తెచ్చాడు. కొండల్ చెయ్యి ఆగిపోయింది. తీపితోనా? వాల్దెస్ తీగ విప్పితే బిరడా చప్పుడు లేకుండా ఊడివచ్చింది. గ్లాసులో నురగే లేదు.

సూది రంధ్రం! గ్యాసంతా అందులోంచే పోయింది. సూదితో ఎక్కించిన విషం మాత్రం సీసాలోనే ఉంది. చేదు తగిలితే తప్పు తీపిదనుకుంటారు. ఇశ్రాయేలుకు ఇది తెలిసింది, అందుకే చంపేశారు.

బాబురావు గ్లాసెత్తి, మర్యాద గుర్తొచ్చి దించాడు. "పహ్లే ఆప్, సాబ్. ముందు మీరు."

"లేదు లేదు, అతిథి ముందు."

"అట్లెట్లయితది? పహ్లే ఆప్."

హైదరాబాదీ మర్యాద అంత తొందరగా తెమలదు. ఆ సందులో కొండల్ గ్లాసు తీసి వాల్దెస్ ముందు పెట్టాడు. "సాబ్ అన్నట్టే, పహ్లే ఆప్."

వాల్దెస్ నవ్వు చెదరలేదు. గ్లాసును రుక్మాబాయి వైపు జరిపాడు. "మేడమ్ తాగుతారు."

ఆమె ముఖం పాలిపోయింది. "నన్ను గూడనా?" అంటూ గ్లాసును అతని ముఖాన కొట్టింది. వాల్దెస్ పిస్టల్ పేలింది. రుక్మాబాయి కూలింది. మరుక్షణం కొండల్ ట్రే కింది పిస్టల్ పేలి వాల్దెస్ మణికట్టులో తూటా దిగింది. బయట కాచుకున్న జవాన్లు లోపలికి దూకారు.

"ఇశ్రాయేలన్నకు చాయ్ ఇచ్చింది నేనే," అంది రుక్మాబాయి తివాచీ మీద రొప్పుతూ. "విషమని నాకెరుక లేదు..." అతని చెయ్యి పట్టుకుంది. "కాదు కొండల్. ఎరుకనే. లుఖ్మీల మాట గూడ అబద్ధమే." ఆ మాటతోనే ప్రాణం పోయింది.

ఆమెను అసహ్యించుకోవాలో, ఆమె కోసం ఏడవాలో కొండల్‌కు తెలియలేదు.

నాలుగింటికి బాబురావు నక్షాలు అమ్మిన ద్రోహి పేరు రాసిచ్చాడు. కొండల్ సైదాబాద్‌కు బయలుదేరబోయాడు. అక్కడున్న ఇశ్రాయేలు భార్య సుందరమ్మకు అతని చావు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

"రిపోర్ట్ రాసి పో," అన్నాడు గుండయ్య. "ఆ వైన్ సంగతి గూడ ఒక ముక్క రాయి. పైవాళ్లు అడుగుతరు."

కొండల్ నిలబడే రాశాడు: "ఉప్పుతో బాగుంటుందట. తీపితో సిఫార్సు చేయలేను."