పేరు పలకని బావి

నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే దారిలో రోడ్డు దిగి కంది చేలలోకి పోతే ఒక ఎండిన బావి ఉంది. పొద్దుగూకాక దాని దగ్గర ఎవడూ ఆగడు. ఆ బావికి గొంతు ఉందట... మగ గొంతు. దానికి వచ్చిందీ ఒకటే మాటట — "లాగు".

నేను వినలేదు. విన్నవాడు క్రేన్ డ్రైవర్ హఫీజ్. అతను నవ్వకుండా చెప్పాడు కాబట్టి మీకూ నవ్వకుండానే చెబుతున్నాను.

రెండువేల తొమ్మిది ఎండాకాలం. బోర్లు ఎండిపోయి, పాత బావులనే లోతు చేయించుకుంటున్న రోజులు. పగలు బావి అడుగున రాయి పెనంలా కాలుతుంది, అందుకని పనంతా చల్లపూట. ఇంజన్ మోతలో కింది మనిషి అరుపు పైకి వినబడదు. అందుకే ఖేడ్ బజారులో కొన్న వాకీటాకీ సెట్లు — ఒకటి కింద, ఒకటి పైన. కిందివాడు "లాగు" అంటే క్రేన్‌తో తొట్టి పైకి లాగాలి, "ఆపు" అంటే ఆపాలి.

అంతే. పేర్లు మాత్రం పలకరు. బావి దగ్గర ఎవరి పేరు పలికినా బావి దాన్ని నేర్చుకుని, తర్వాత అదే పిలుస్తుందని ఈ పనివాళ్ల భయం.

అంతకు ముందటేడు ఆ బావిలోనే తవ్వకం కూలీ మత్తయి పోయాడు. ఒక కాలు తొట్టిలో, ఒక కాలు రాతి మీద ఉండగానే తొట్టి పైకి లేచింది. "లాగు అన్నది చెవులార ఇన్న" అని అప్పటి డ్రైవర్ ఒట్టేసి, ఊరే వదిలిపోయాడు. మత్తయి నోరే తెరవలేదని కింద పక్కనే ఉన్న కూలీ చెప్పాడు. ఇంకేం, దయ్యం ఖాయమైపోయింది.

మత్తయి భార్య ఆనందమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. మొగుణ్ణి మింగిన బావి, దాని దిక్కు చూడకు అన్నారు అందరూ. చూడటమేం ఖర్మ, ఈ ఏడు అదే బావి మీద పనికి వచ్చి నిలబడింది. పైన సెట్టు పట్టుకుని, తొట్టి దింపే ముందు కిందివాడికి తవ్వకం "ఆపు" అని చెప్పేది ఆమే. కింద ఆమె మరిది గిద్యోను.

ఆ రాత్రి... చీకటి పడి కాసేపయింది. అడుగున గిద్యోను లైటు కదులుతోంది.

సెట్టు గరగరమంది.

"లాగు..."

హఫీజ్ చెయ్యి లివరు మీదికి పోయింది. ఆనందమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"ఆగు. గది మా గిద్యోను గొంతు కాదు."

గొంతు మళ్లీ వచ్చింది — ఈసారి విసుగ్గా, పక్కనే నిలబడి అన్నట్టు. "లాగు... జల్దీ లాగు..."

"అక్కా, గదే... ఇంజన్ బంద్ చేసి పోదం," అన్నాడు హఫీజ్ ఆమె చెవి దగ్గర.

"పోతే మా గిద్యోనును ఎవడు తీస్తడు?"

ఆమె వంగి చూసింది. గిద్యోను ఒక కాలు తొట్టిలో పెట్టాడు. రెండోది ఇంకా రాతి మీదే ఉంది.

అప్పుడు ఎవరూ చేయని పని చేసింది ఆనందమ్మ. సెట్టు నోటికి ఆనించి బటన్ నొక్కి —

"నా పేరు ఆనందమ్మ! మత్తయి పెండ్లాన్ని! ఇన్నవా? నేర్సుకో నా పేరు! ఇగ నీ పేరు చెప్పు. దయ్యానివైతే దయ్యం పేరే చెప్పు. పేరు లేనోని మాట మీద ఈడ తొట్టి లేవదు!"

గరగర... మళ్లీ గరగర.

"కి... కిష్టప్పను," అంది ఆ గొంతు. వణుకుతోంది. "మిట్ట అవుతల బావి కాడ పని చేస్తున్నం. అమ్మా... నువ్వు మనిషివేనా?"

హఫీజ్ కూలబడి పగలబడి నవ్వాడు. కిష్టప్పవాళ్లదీ అదే దుకాణంలో కొన్న జత. దుకాణంవాడు రెండు జతలనూ ఒకే ఛానల్‌లో పెట్టి, ఎవరూ తిప్పకుండా టేపు చుట్టి ఇచ్చాడు. కిష్టప్ప ఒడ్డున నిలబడి తన డ్రైవర్‌కు చెప్పే మాట చేల మీదుగా తేటగా ఇక్కడికి వచ్చేస్తోంది. బావి అడుగు నుంచి గిద్యోను చెప్పేది దాని కింద అణిగిపోతోంది. ఎవరైనా ఒక్కసారి పేరు పలికి ఉంటే మొదటిరోజే తెలిసేది.

"మా సెట్టుల రోజు ఒక ఆడగొంతు 'ఆపు, ఆపు' అంటది," అన్నాడు కిష్టప్ప. "గా బావి దయ్యమనుకొని నిమ్మకాయలు గట్టినం తల్లీ."

ఆనందమ్మ నవ్వలేదు.

"నిరుడు గూడ గీడనే చేసిన్రా? గీ సెట్లతోనే?"

ఆమె బటన్ వదిలింది.

"...చేసినం. అమ్మా, అయితే గా మత్తయి..."

"నువ్వు నీ డ్రైవర్‌కు చెప్పుకున్నవ్, కిష్టప్పా. నీ మీద నాకు కోపం లేదు. టేపు పీకెయ్. మీరు ఒకటి మీద మాట్లాడుండ్రి, మేము మూడుకు పోతం. పవర్ గూడ తగ్గియ్యి, మీ డ్రైవర్ దాక పోతె చాలు. ఇగ పేరు ముందుగాల, మాట ఎనుక."

ఇంజన్ ఆపించింది. బావిలోకి వంగి, అందరూ వద్దనే పనే మళ్లీ చేసింది. "గిద్యోనూ! టేపు పీకి మూడుకు తిప్పు!"

కాసేపటికి, తనూ మూడుకు తిప్పుకున్న సెట్టులో గరగర లేకుండా, తేటగా — "వదినా, గిద్యోనును. రెండు కాళ్లు లోపలున్నయ్. లాగు."

హఫీజ్ మళ్లీ ఇంజన్ వేసి లాగాడు. గిద్యోను ఒడ్డెక్కి నీళ్లు తాగాడు, ఇంజన్ ఆగింది.

ఆనందమ్మ మాత్రం ఇంకా బావి అంచునే ఉంది. మొగుడు బతికుండగా ఒక్కనాడూ పలకని పేరును గొంతెత్తి పిలిచింది.

"మత్తయీ!"

"...మత్తయీ," అంది బావి.

మళ్లీ పిలిచింది. బావి మళ్లీ అంది. తర్వాత ఆమె పిలవలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటూ అలాగే చాలాసేపు చెవి పెట్టి నిలబడింది. లోపలి నుంచి చప్పుడు లేదు.

"సూసినవా హఫీజ్?" అంది ఆనందమ్మ. "నేను పిలిస్తెనే పలుకుతది. దానంతల అది ఎవ్వర్ని పిలువదు."