ఇందుమతి వద్దంది

శనివారం పొద్దున గుడియాత్తంలో వరదప్ప పనికి బయల్దేరబోతూ ఆగిపోయాడు. పంతొమ్మిదేళ్ల కూతురు ఇందుమతి తెల్లటి కరాటే బట్టలు తొడుక్కుని గడప మీద కూర్చుంది. భార్య కాళియమ్మ ఆమెకు జడ వేస్తోంది.

ఇందుమతికి ఏదైనా చాలా నెమ్మదిగా అర్థమవుతుంది. ఎవరు చెయ్యి పట్టుకుని రమ్మన్నా నవ్వుతూ వెళ్లిపోతుంది. తాపీ పనికి వెళ్లినా వరదప్ప మనసు ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉండేది.

"ఏందే ఈ వేషం?"

"వేలూరులో ఇట్లాంటి పిల్లోళ్లకు కరాటే నేర్పిస్తా ఉండారు. మూడు నెలలుగా పోతా ఉండాము. నీకు చెప్పింటే వద్దనింటావు."

"దీనికి కొట్టేది నేర్పిస్తారా? నలుగురూ నవ్వేదానికా?"

"ఒక తూరి వచ్చి చూడయ్యా. ఆ పైన తిట్టు."

మాన్పించి రావాలనే వరదప్ప బస్సెక్కాడు.

వేలూరులో కరాటే నేర్పే హాల్లో నేలంతా రంగురంగుల పాదాల గుర్తులు. మాస్టరు జెసింత ఒక్కో అడుగునీ ఓపిగ్గా చూపిస్తోంది. ఇందుమతి నాలుగోసారీ తప్పు గుర్తు మీద కాలు పెట్టింది. కిటికీ బయట ఎవరో కిసుక్కున నవ్వారు. వరదప్ప తట్టుకోలేకపోయాడు. గబగబా లోపలికి వెళ్లి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"చాలమ్మా. ఇంటికి పోదాం పా."

ఇందుమతి కదల్లేదు. కాళ్లు ఎడంగా పెట్టి, మణికట్టు తిప్పి చెయ్యి విడిపించుకుంది. అరచెయ్యి ముందుకు చాపి అరిచింది.

"వద్దు!"

ఆ గొంతుకు తనే బెదిరినట్టు, "కోపమా నాయనా?" అంది మెల్లగా.

జెసింత దగ్గరికొచ్చింది. "సుమ్మా, ఊరికే కొట్లాడేదానికి కాదప్పా ఇది. ముందు ఈ మాటే నేర్పిస్తాము. మూడు నెలలుగా దీని నోట్లోంచి రాలా. ఈ దినమే వచ్చింది."

వరదప్ప ఖాళీ అయిన తన చేతిని చూసుకున్నాడు. పంతొమ్మిదేళ్లలో ఆ బిడ్డ ఎవరికీ కాదని చెప్పి ఎరగదు. తను లేని రోజున ఎవరైనా ఇలాగే చెయ్యి పట్టుకుంటే? ఇన్నాళ్ల భయం ఒక్కసారిగా కరిగి కళ్లలోకొచ్చింది.

"కోపం లేదు తల్లీ. ఇంకొక తూరి చెప్పు. గట్టిగా."

"వద్దు!"

క్లాసు అయ్యేదాకా అతను గోడ వారన కూర్చున్నాడు. ఆ తర్వాత కూతురి ముందుకొచ్చి, "పోదామా అమ్మా?" అన్నాడు. ఆమెను అలా అడగడం అదే మొదటిసారి.

ఇందుమతి కాసేపు ఆలోచించింది. "ఇప్పుడే వద్దు. బజ్జీ తిని పోదాం."

కాళియమ్మ పకపకా నవ్వింది. వరదప్ప కళ్లు తుడుచుకుంటూ, బజ్జీల బండి యాడుండాదని జెసింతను అడిగాడు.