పాత మొహం చూపిన ఐకాన్

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే క్షమించి, మీరే సరిదిద్దుకుని చదవండి. నా చెయ్యి నెమ్మది. కథ మాత్రం పరుగెత్తాలి కనక ఆ పరుగు మీరే పెట్టండి.

ఇస్త్రీ దుకాణం వెనకగదిలో గూఢచారి శాఖ చీఫ్ నిలబడే మాట్లాడాడు. కూర్చోమనలేదు. అది మంచి కబురు కాదని ఏజెంట్ సూదికి అప్పుడే అర్థమైంది.

"నీ తమ్ముడు బతికే ఉన్నాడు. ఎక్కడున్నాడో మాకు తెలీదు."

బుడ్డోడు అని డిపార్ట్‌మెంట్ అంతా పిలిచే ఆ తమ్ముడు విదేశీ ముఠాలో చేరి, వాళ్ళ గుట్టు పట్టుకుని, కాల్లో బుల్లెట్‌తో తప్పించుకున్నాడు. అతన్ని దాచింది మన ఆఫీసరే, నెమలి. డాక్టర్ని తెస్తానని చెప్పి, బయట తాళం వేసి వచ్చింది. ఆమె ముఠాకీ పనిచేసే డబుల్ ఏజెంట్ అని తెలిసింది ఆ ఉదయమే. అరెస్టు చేస్తే నోరు విప్పదు. వెతుకుతూ కూర్చుంటే బుడ్డోడి ఒంట్లో రక్తం మిగలదు.

ఆమె ఫోన్ మీద నిఘా ఉంది, ఆ సంగతి ఆమెకీ తెలుసు. అందుకే ముఠాకి కబురు ఐకాన్లో పంపుతోంది. కంప్యూటర్లో నొక్కితే ప్రోగ్రాం తెరుచుకునే ఆ చిన్న బొమ్మని ఎవరు అనుమానిస్తారు? ఒక్క ఐకాన్ ఫైల్లో చాలా సైజుల బొమ్మలు పడతాయి. చిన్న సైజుల్లో కాలిక్యులేటర్ ఉంటుంది, అందరికీ కనిపించేది అదే. పెద్ద సైజులో బుడ్డోడున్న ఇంటి మ్యాప్ ఉంటుంది.

"ఆ మ్యాప్ నాకు కావాలి. ముఠాకి మాత్రం అందకూడదు," అన్నాడు చీఫ్. మనుషుల్ని ఊరంతా కార్లలో పెట్టాడు. సూదికి తోడు ఎవర్నీ ఇవ్వలేకపోయాడు.

కళ్ళజోళ్ళ షాపు మీది మేడలో ఐకాన్లు చేసే దుకాణం ఉంది. ముఠా ఫైళ్ళు అక్కడే తయారవుతున్నాయని తెలిసి, సూది కొన్నాళ్ళుగా అక్కడ పనిలో ఉంది. ఎవరూ గుర్తుపట్టకుండా తల నెరిసినట్టు రంగు, చెవిలో వినికిడి మిషన్. చీఫ్ గొంతు వచ్చేది అందులోనే. కళ్ళజోడు ఫ్రేములో కెమెరా.

మొదటిరోజే ఆమె దుకాణం యజమాని ముందు నవ్వులపాలైంది. ఒక ఐకాన్ మార్చి, అదే పేరుతో సేవ్ చేసింది. తెరమీద పాత బొమ్మే కనిపించింది. మళ్ళీ మార్చింది, మళ్ళీ పాతదే. అందరూ మేస్త్రి అని పిలిచే ఆ యజమాని పగలబడి నవ్వాడు. "కంప్యూటర్ మా అత్తలాంటిదమ్మా. ఒకసారి చూసిన మొహాన్నే పట్టుకుని కూర్చుంటుంది. కొత్త పేరు పెడితేగానీ కొత్త మొహాన్ని నమ్మదు."

చీఫ్ కబురు చెప్పిన రోజే మధ్యాహ్నం నెమలి వచ్చింది. ముందు సెంటు వాసన, తర్వాత చెప్పుల చప్పుడు, ఆ తర్వాత మనిషి. చక్రాల కుర్చీ లాక్కుని సూది పక్కనే కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. రెండు బొమ్మలిచ్చి, చిన్న సైజులకి ఇది, పెద్ద సైజుకి అది అని చెప్పింది. వినపడనట్టు సూది రెండుసార్లు చెప్పించుకుంది.

కన్వర్ట్ చేసింది. డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెద్దదిగా కనిపించింది. వంకర సందు, మూల మీద నీళ్ళట్యాంకు, ఒక ఇంటి మీద ఎర్రచుక్క. ఆ చుక్క కింద తన తమ్ముడు. కళ్ళజోడు సర్దుకున్నట్టు నటించి ఫోటో తీసింది.

"దొరికింది," అంది చెవిలో చీఫ్ గొంతు. "కానీ మనకంటే వాళ్ళే ఆ సందుకి దగ్గర. ఫైల్ వెళ్ళిందా, వాడు మిగలడు."

నెమలి అప్పటికే పంపెయ్యమంటోంది. కాదంటే ఆ సంచిలోంచి ఏం బయటికొస్తుందో సూదికి తెలుసు. తను చస్తే, పంపే బటన్ నెమలే నొక్కుతుంది.

సూది, చిన్న సైజులో అంకెలు అలికేసినట్టున్నాయని, ఇలా పంపితే మేస్త్రి తిడతాడని సణిగింది. నెమలి విసుగ్గా సరే అని తన ఫోన్ వైపు తిరిగింది. సూది మ్యాప్ తీసేసింది. చిన్న కాలిక్యులేటర్ ఒక్కటే ఉంచింది. అదే పేరుతో, పాత ఫైల్ మీదే సేవ్ చేసింది.

"ఆగు. ఇంకోసారి చూపించు."

సూది డెస్క్‌టాప్ తెరిచింది. కంప్యూటర్ ఒక్కోసారి మొండితనం వదిలేస్తుంది. ఈ ఒక్కసారికి వదలకు తల్లీ, అని మనసులోనే దణ్ణం పెట్టుకుంది. బొమ్మ ఒకసారి మినుకుమంది.

వంకర సందు. నీళ్ళట్యాంకు. ఎర్రచుక్క.

నెమలి తృప్తిగా తల ఊపి, తనే అప్‌లోడ్ నొక్కింది. కబురు అందితే ఒక్క రింగు, తేడా వస్తే రెండు. వాళ్ళ ఒప్పందం అది.

ఫోన్ ఒకసారి మోగి ఆగింది. నెమలి నవ్వింది. మళ్ళీ మోగింది.

నవ్వు పోయింది. తెరమీద మ్యాప్ అలాగే ఉంది. నెమలి దానివంక చూసి, సూదివంక చూసి, సంచిలోంచి పిస్టల్ తీసింది.

"ఏం చేశావే ముసలిదానా?"

"మీవాళ్ళకి వెళ్ళింది చిన్న కాలిక్యులేటరే," అంది సూది. "పెద్దది చేసి చూస్తే గళ్ళు తప్ప ఏమీ ఉండదు. ఇక్కడ మీరు చూసేది పాత మొహం. పేరు మార్చి చూపిస్తాను, ఉండండి."

ఫైల్ పేరు మార్చింది. సందు మాయమై కాలిక్యులేటర్ వచ్చింది. నమ్మలేక నెమలి తెరమీదికి వంగిన ఆ క్షణంలో సూది చక్రాల కుర్చీని కాలితో ఒక్క తన్ను తన్నింది. పిస్టల్ పేలి గుండు మానిటర్లో దిగింది. కుర్చీతో సహా నెమలి వెళ్ళి గోడకి కొట్టుకుంది. పిస్టల్ జారి, చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన మేస్త్రి కాళ్ళ దగ్గర పడింది. అతను దాని మీద బీరువాలాగా కూర్చుండిపోయాడు.

చెవిలో గరగర. తర్వాత ఒక నీరసమైన గొంతు. "అక్కా, మనవాళ్ళు తాళం పగలగొట్టారే."

సాయంత్రం సూది తమ్ముణ్ణి ఆస్పత్రిలో చూసింది. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు.

"గుర్తుపట్టలేదు కదూ?" అన్నాడు.

"ఎందుకు పట్టనురా? నువ్వు పలక పగలగొట్టి ఏడ్చిన నాటి మొహమే కనిపిస్తోంది నాకు," అంది సూది, దుప్పటి సర్దుతూ. "పేరు మార్చినా ఈ కళ్ళు నమ్మేలా లేవు."

— పెద్దత్త అంటారు నన్ను. డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో, మేడమెట్ల పక్క గదిలో ఉంటున్నాను.