మూడు నిమిషాల శబ్దం

గిన్నెలో నీళ్ళు తేటపడేదాకా అచ్చియ్యమ్మ ఆగింది. బుడగ ఒక్కటి మిగిలినా కొలమరి యంత్రం దాన్ని రేణువుగానే లెక్కేస్తుంది. ముందు ఉత్త నీళ్ళలోంచి వెలుగు పంపి ఆ కొలత పక్కన పెట్టింది. తరువాత ఎల్లమంద ఊపిరితిత్తులు కడిగిన నీటిని చుక్కచుక్కగా వదిలింది. నీటి మసక నూటికి పదికి రాగానే చెయ్యి ఆపింది.

చంద్రగనిలో నియమం ఒక్కటే. నీటిలోని ధూళి ముద్దలు విడిపోవడానికి గిన్నెలోకి మూడు నిమిషాలు శబ్దం పెట్టాలి. రేణువు సైజు చెప్పే చివరి అంకె ఐదు మైక్రాన్లలోపు వస్తే ఊపిరితిత్తులకు జబ్బు పట్టినట్టే, ఆ మనిషి దిగుబండెక్కి భూమికి పోవాలి. మళ్ళీ పైకి రానివ్వరు. గని మగవాళ్ళు భూమినుంచి పనికి వచ్చినవాళ్ళు; ఇక్కడ పుట్టిన ఆడవాళ్ళ ఎముకలు అక్కడి బరువుకు ఓర్వవు కనుక వాళ్ళు వెంట పోలేరు. తొమ్మిదేళ్ళ కిందట అచ్చియ్యమ్మ తన భర్త చలమయ్య నీటికి తనే శబ్దం పెట్టి, ఆయన్ని దిగుబండి ఎక్కించింది. అప్పటినుంచి మీట నొక్కగానే మొహం తిప్పుకుని, చివరి అంకె మాత్రం చూస్తుంది.

ఎల్లమంద భార్య పేరంటాలు గడప దగ్గర నిలబడి ఉంది.

“ఆయన గురకకి పక్కగదోళ్ళు గోడ కొడతారు పిన్నీ. అట్టాంటి ఊపిరికి జబ్బేంటి?”

“గురకను కొలిచే గిన్నె నా దగ్గర లేదే,” అని అచ్చియ్యమ్మ మీట నొక్కి అటు తిరిగింది.

కాసేపటికి పేరంటాలు మెల్లగా అడిగింది. “తెర మీద ఆ అంకెల గీత ఎనిమిది దగ్గర ఆగిందిగా పిన్నీ, మళ్ళీ ఎందుకు దిగుతోంది?”

అచ్చియ్యమ్మ చూసింది. ముద్దలు విడిపోయినందుకే గీత ఆగింది. ముద్దలే లేనప్పుడు ఇప్పుడు విరుగుతున్నదేమిటి? రేణువులే. ఆమె శబ్దం ఆపేసింది.

శబ్దం పూర్తికాలేదని, కొలత చెల్లదని కొలమరి చెప్పింది. ఆమె తన చేత్తో ఎనిమిది అని రాసింది. గీత నిలిచిన చోటే అసలు కొలత అనీ, ఆపైన రేణువులను విరగ్గొట్టింది మన శబ్దమేననీ, పంపేసిన వాళ్ళందరి నీళ్ళూ మళ్ళీ కొలవాలనీ కింద చేర్చి గని అంతటికీ పంపింది. కొలమరి అంకె లేనిదే దిగుబండి కదలదు. దిగుబండి రేవులో ఎర్రదీపం వెలిగింది.

పేరంటాలు ఆమె చేతులు పట్టుకోబోయింది. అచ్చియ్యమ్మ అప్పటికే అలమర దగ్గరికి నడిచింది. ప్రతి మనిషి నీటిలో సగం అక్కడ దాచి ఉంటుంది. చలమయ్య సీసా కింది వరసలో ఉంది. దాన్ని కొలవకుండా ఉంటే, ఆయన్ని పంపింది జబ్బేనని, తన శబ్దం కాదని ఇంకా నమ్మవచ్చు.

గిన్నె మూడుసార్లు కడిగింది. నీళ్ళు తేటపడ్డాయి. చలమయ్య సీసాలోంచి చుక్కచుక్కగా వదిలితే మసక పదికి వచ్చింది.

ఈసారి మీట నొక్కాక ఆమె మొహం తిప్పుకోలేదు.