కుక్కల్లేని బండిజాడ

మంచు కురవడం ఆగి గంటన్నా కాలేదు. హెలికాప్టర్ రాక ఆ తీరపు పల్లెలో చిక్కుబడిపోయిన డిటెక్టివ్ బిబియాన రెండో కప్పు కాఫీ పోసుకుంటుండగా తలుపు తోసుకుని ఒక ముసలామె లోపలికి వచ్చింది. తలకు టోపీ లేదు, చేతులకు తొడుగుల్లేవు.

"నువ్వేనామ్మా దొంగల్ని పట్టేది? నా పేరు టాబితా. నా సియాలుక్‌ను కాల్చేస్తారట! నా మంచుబండి లాగే కుక్కల్లో అన్నిటికన్నా ముందు నడిచేదమ్మా అది. అదే పోతే నేను వేటకెట్లా పోను, ఏం తిని బతకను?"

బిబియాన సహాయకుడు ఎనోక్ ఆమెను కూర్చోబెట్టి కప్పు చేతికిచ్చాడు. సంగతి చిన్నదే. మంచు మేట వేయడంతో ఊరుమ్మడిగా మాంసం ఆరబెట్టే పందిరి ఎత్తు తగ్గింది. తెల్లవారి మంచు ఆగే వేళకు ఏదో కుక్క సీలు జంతువు మాంసాన్ని లాగి సగం తినేసింది. అది సియాలుకేనని, కళ్ళారా చూశానని వేటగాడు పావియా చెప్పాడు. గొలుసు విడిచి తిరిగే కుక్కను కాల్చేయాలన్నది పిల్లల కోసం ఊరు పెట్టుకున్న కట్టుబాటు. ఆరు నెలలు నిండని కూనలకు మాత్రమే మినహాయింపు. కుక్కల కాపలాదారు ఇసాక్ మధ్యాహ్నం దాకా గడువిచ్చాడు.

"మరి నీ కుక్క గొలుసుకు కట్టి లేదా?" అంది బిబియాన.

"ఉందమ్మా. కానీ అది తిరిగొచ్చాక తనే మళ్ళీ కట్టేశానంటున్నాడు పావియా. తమ్ముడి వరస నాకు. ఇన్నేళ్ళలో వాడి నోట అబద్ధం వినలేదు. అదే నా ఏడుపు."

ముగ్గురూ బయటికి వచ్చారు. ఈ తీరాన పుట్టి పెరిగినవాడే అయినా కొత్త మంచంటే ఎనోక్‌కు మోజు తీరలేదు. ఎర్ర ఇళ్ళూ నీలి ఇళ్ళూ నడుందాకా మంచులో మునిగి, గడ్డకట్టిన సముద్రం ఎండకు మెరుస్తుంటే ఎంత బాగుందో! అతడు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాడు.

"జాడలు తొక్కకు, మహానుభావా," అంది బిబియాన.

టాబితా కుక్కలు తోకల కింద ముక్కులు దూర్చి, మంచు కప్పుకుని పడుకున్నాయి. బిబియాన ఎండుచేప ముక్క చూపించగానే సియాలుక్ లేచి ఒళ్ళు దులుపుకుంది. దాని కింద నిన్నటి గట్టి నేలే ఉంది, కొత్త మంచు రవ్వంతైనా లేదు. కుడి ముందుకాలికి సీలుతోలు బూటు ఉంది.

"మంచుపెచ్చుకు కాలు కోసుకుందమ్మా. నిన్న సాయంత్రం తొడిగాను," అంది టాబితా.

బూటు తాడు ముడిమీద మంచు గడ్డకట్టి ఉంది. బిబియాన దాన్ని వేలితో తట్టి చూసి పందిరి వైపు నడిచింది. అక్కడ పెద్ద పెద్ద అడుగులు, నాలుగు కాళ్ళవీ, గోళ్ళతో సహా అచ్చుపడి ఉన్నాయి. వచ్చినప్పటివి మంచు కప్పేసింది, పోయేటప్పటివి పది బారలు సాగి ఆగిపోయాయి. అక్కడినుంచి ఒక బండిజాడ మొదలై ఊళ్ళో ఒక గుమ్మం దాకా పోయింది. దాని ముందు మనిషి అడుగులే తప్ప కుక్క అడుగు ఒక్కటీ లేదు.

బిబియాన చిన్నగా నవ్వింది. "ఎనోక్, అందర్నీ పిలువు."

ఊరంతా కలిపి నలభై మంది పందిరి దగ్గర చేరారు. ఇసాక్ భుజాన తుపాకి ఉంది. పావియా వెనక నిలబడ్డాడు.

"పావియా, నువ్వు చూసిన కుక్క కాళ్ళకు ఏమన్నా ఉందా?" అంది బిబియాన.

"ఏముంటుంది? అన్ని కుక్కల్లాగే వట్టికాళ్ళు."

"సియాలుక్‌కు కుడికాలికి బూటుంది. ముడి నిన్నటినుంచీ విప్పలేదు, గడ్డకట్టింది. పైగా అది మంచు మొదలు కాకముందు పడుకున్నది నేను లేపేదాకా లేవలేదు. లేచి తిరిగొచ్చి ఉంటే దాని కింద కొత్త మంచుండేది. కాళ్ళు తోక కింద దాచుకుని పడుకుంది గనక బూటు నీకు కనబడలేదు."

జనంలో గుసగుసలు లేచాయి. "మరి తిన్నదేది?" అన్నాడు ఇసాక్.

"జాడ తెలియకుండా ఎవరో ఆ కుక్కను బండెక్కించి, బండిని చేత్తో లాక్కుపోయారు. కుక్కల్ని కడితే వాటి అడుగులు పడతాయి కదా! ఆ జాడ పావియా గుమ్మం దగ్గర ఆగింది."

పావియా జనాన్ని తోసుకుని టాబితా ముందుకొచ్చాడు. "నా కుక్క, ఉజరాక్! కట్టేస్తే ఏడుస్తాడని ఇవాళ, రేపు అనుకుంటూ వదిలేశాను. ఈడు దాటిపోయిందక్కా. వాణ్ణి కాల్చేస్తారని భయపడ్డాను. నా నోటికి నీ కుక్క పేరే వచ్చింది."

"సిగ్గు లేదురా! వాడి తల్లినే చంపించబోయావు. సియాలుక్ కన్న కూనేగా వాడు!" అంది టాబితా.

ఇసాక్ తుపాకి చేతిలోకి తీసుకున్నాడు. పావియా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తన కుక్క బతికినందుకు సంతోషించవలసిన టాబితా తుపాకికి అడ్డం వచ్చి నిలబడింది.

"ఆగు, ఇసాక్. ఆ కూన పుట్టింది నా ఇంట్లో. సముద్రం గడ్డకట్టే ముందు చివరి ఓడ వెళ్ళిన రోజున. ఆరు నెలలు నిండడానికి ఇంకా మూడు రోజులుంది. ఈ దద్దమ్మకు లెక్కపెట్టడం కూడా రాదు."

ఇసాక్ బిబియాన వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"తల్లికుక్క ఇంటివాళ్ళ కంటే నాకెక్కువ తెలుస్తుందా?" అంది బిబియాన. ఇసాక్ తుపాకి భుజానికి తగిలించాడు.

హెలికాప్టర్ కోసం నడుస్తూ ఎనోక్ ఉండబట్టలేకపోయాడు. "అక్కా, ఉజరాక్‌ను చూశాను. దూడంత ఉన్నాడు. ఏడాదికి ఒక్క రోజు తక్కువుండదు. ఆవిడ అబద్ధమాడింది!"

"ఆడింది."

"మీకు తెలిసీ ఊరుకున్నారా?"

బిబియాన వెనక్కి తిరిగి చూసింది. టాబితా గొలుసు పట్టుకుని ముందు నడుస్తుంటే పావియా ఉజరాక్‌ను ఎత్తుకోలేక ఎత్తుకుని, ఏడుస్తూ ఆమె వెంట పోతున్నాడు.

"ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో చూశావా? ఇవాళ ఈ ఊళ్ళో నా కంటే గొప్పపని చేసింది ఆవిడే," అంది బిబియాన.