రబ్బరు చాప మీద దిగినవాడు

దక్షిణ ఇంగ్లండులో సముద్రానికి దగ్గరగా ఒక విమానాల మైదానం ఉంది. అక్కడి రబ్బరు చాప మాటెత్తితే ఇప్పటికీ నావికాదళం వాళ్లు తాగుతున్న బీరు కింద పెట్టేస్తారు.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి కొన్నేళ్లయింది. ఓడ మీద దిగే జెట్ విమానానికి చక్రాల బరువెందుకని పైవాళ్లకు తోచింది. చక్రాలు పీకేశారు; గాల్లోకి విసరడానికి వేరే యంత్రం పెట్టారు. ముందు పరీక్షకని ఈ మైదానంలోనే గాలి నింపిన గొట్టాలు వరసగా పేర్చి, పైన మందపాటి రబ్బరు పరిచారు. విమానం తన తోక కొక్కెంతో, చాపకు అడ్డంగా కట్టిన తీగను పట్టుకుని, దాని మీద పొట్టతో వాలాలి. ఆగాక తనంతట కదల్లేదు. క్రేను ఎత్తి పక్కన పెట్టేదాకా ఇంకొకటి దిగకూడదు.

ట్రెలోర్ అనే పైలటు దిగబోయి, చాప అంచుకు కొట్టుకుని చచ్చిపోయాడు. ఆ తర్వాత... చీకటి పడితే చాప ఊరికే కుంగి లేస్తోందని పుకారు పుట్టింది.

ట్రెలోర్ స్థానంలో గిఫర్డ్ వచ్చాడు. క్రేను నడిపే ముసలి హాబ్లీకి అతన్ని చూస్తేనే ఒళ్లు మంట.

"చచ్చినవాడి సీటు వెచ్చగా ఉందా, దొరగారూ?" అన్నాడు మొదటిరోజే.

"క్రేను చూసుకో. నోరు కాదు," అన్నాడు గిఫర్డ్.

జనవరిలో ఒక సాయంత్రం గిఫర్డ్ దిగడానికి వచ్చాడు. వెలుగు పోతోంది. చాపంతా మంచు పట్టి తెల్లగా ఉంది. ఇంధనం అడుగంటింది. చక్రాలు లేనివాడికి ఆ చాప తప్ప వేరే దిక్కు లేదు.

క్రేను మీద నిలబడి హాబ్లీ ఎర్రజెండా ఊపుతున్నాడు!

"చాప ఖాళీగానే ఉందిరా, ముసలి వెధవా!" గిఫర్డ్ రేడియోలో అరిచాడు.

క్రేనులోని రేడియో నుంచి హాబ్లీ గుసగుసగా జవాబిచ్చాడు — "ఖాళీ లేదు. ఆగు."

క్రేను చెయ్యి చాప మీదికి అడ్డంగా తిరిగింది. గిఫర్డ్ తిట్టుకుంటూ విమానాన్ని పైకి లేపాడు. ఇంజను ఎగపోస్తోంది...

చుట్టు తిరుగుతూ కిందికి చూశాడు. క్రేను తాడు ఖాళీ చాప మీదికి దిగింది. బిగుసుకుంది. క్రేను చెయ్యి బరువుకు వంగింది — కొక్కేనికి మాత్రం ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని ఎత్తి, పదిలంగా గడ్డిలో దించింది.

అప్పుడు ఊగింది పచ్చజెండా.

గిఫర్డ్ చాప మీదికి దిగుతుండగానే ఇంజను ఆగిపోయింది. విమానం కొక్కెం తీగను అందుకుంది. విమానం దబ్బున వాలి, రబ్బరు మీద ఎగిరి, ఆగింది. గిఫర్డ్ సీటు మీది అద్దం మూత తెరిచి దూకాడు. పరుగున పోయి హాబ్లీ కాలరు పట్టుకున్నాడు.

"నన్ను చంపుదామనుకున్నావా?"

"నువ్వు చస్తే నాకేంటి?" అన్నాడు హాబ్లీ. "అతని మీద పడతావని ఆపాను."

"ఎవరి మీద?"

హాబ్లీ చెయ్యి చాపాడు.

తెల్లటి మంచులో గిఫర్డ్ విమానం జారిన చార కనిపిస్తోంది. దాని ముందు... అంతే వెడల్పున ఇంకో చార. పక్కన గడ్డిలో విమానమంత మేర మంచు కరిగిపోయి ఉంది. అక్కణ్ణుంచి బూటు గుర్తులు బయల్దేరాయి — ఒక్క మనిషివి. అవి గిఫర్డ్ విమానం దాకా వెళ్లాయి.

తిరిగి రాలేదు.

గిఫర్డ్ తలెత్తి చూశాడు. తాను తెరిచి వచ్చిన అద్దం మూత — మూసి ఉంది.